లాహోరు ఆస్ట్రోలేబ్ మీది గీతలు, అక్షరాలు ఎలా చదవాలి?

సీతాఫల్‌మండి_శ్రీను

అందరికీ నమస్కారం. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆస్ట్రోలేబ్‌లు (నక్షత్రాల ఎత్తు కొలిచి వేళ చెప్పే ఇత్తడి యంత్రాలు) ఉన్నాయని తెలిసి చూసొచ్చాను. అప్పటి నుంచి అదే ధ్యాస. అడుగున ఒక ఇత్తడి పళ్ళెం, దాని మీద తీగలు అల్లినట్టు కోసిన ఇంకో రేకు, చుట్టూ అంచు మీద ఉర్దూలాంటి అక్షరాలు. లాహోరులో చేసినవని మాత్రం తెలిసింది. నా అనుమానాలు మూడు. అంచు మీద ఉన్నవి అక్షరాలా, అంకెలా? లోపల ఒకదాని మీద ఒకటి అన్ని పలకలు ఎందుకు? దీన్ని ఓడల్లో వాడేవారా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

తారామతి_వరంగల్

శ్రీను గారూ, ఉస్తాద్ అల్లాహ్‌దాద్ అనే లాహోరు పనివాడు 1567లో చేసిన ఆస్ట్రోలేబ్ ఆ మ్యూజియంలోనే ఉంది. ఆయన చేతి పనిలో తేదీ ఉన్నవాటిలో అదే అన్నిటికంటే పాతది. ఆ ఇంట్లో నాలుగు తరాలు ఇదే పని చేశాయి. అల్లాహ్‌దాద్ కొడుకు ముల్లా ఈసా, ఆయన కొడుకులు ఖాయిమ్ ముహమ్మద్, ముహమ్మద్ ముఖీమ్, ఖాయిమ్ కొడుకు జియాఉద్దీన్. జియాఉద్దీన్ చేసిన వాటి మీద సంతకం చూడండి. తన పేరుతో మొదలుపెట్టి తండ్రి, తాత, ముత్తాత వరకు వరసగా చెక్కుతాడు, చివర 'ఉస్తుర్లాబీ హుమాయూనీ లాహోరీ' అని ఇంటి బిరుదు వేస్తాడు. అంత గర్వంగా సంతకం పెట్టుకోదగ్గ పని అది.

ఇక భాగాల సంగతి. అడుగున ఉన్న లోతైన పళ్ళెంలో పలకలు దొంతరగా కూర్చుంటాయి. అన్నిటికంటే పైన తీగల జల్లెడ. ఆ తీగల చివర ముల్లులా, ఆకులా సన్నగా తేలిన మొన ఒక్కొక్కటీ ఒక్కో నక్షత్రం. జల్లెడలోనే పక్కకు జరిగినట్టు కనిపించే పూర్తి వలయం రాశిచక్రం. మధ్యలో మేకు, ఆ మేకు ఊడకుండా ఒక చీల. ఆ చీలను గుర్రం తలలా చెక్కేవారు కాబట్టి దాన్ని 'ఫరస్' అంటారు. పైన పట్టుకునే చోట జాలీ పనితో ఎత్తుగా ఉండేది కుర్సీ. లాహోరు కుర్సీలు చాలా అందంగా ఉంటాయి, దూరం నుంచే పోల్చుకోవచ్చు. సంస్కృతంలో రాసినవాళ్ళు ఈ యంత్రాన్ని యంత్రరాజం అన్నారు, జల్లెడను భపత్రం అన్నారు, పలకలను అక్షపత్రాలు అన్నారు.

వాడేది ఇలా. యంత్రాన్ని వేలికి వేలాడదీసి, వెనకవైపు తిరిగే బద్ద రంధ్రాల్లోంచి ఒక నక్షత్రాన్ని చూసి అది దిగంతం (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో కొలుస్తారు. ముందువైపు తిప్పి, ఆ నక్షత్రం మొన పలక మీద అదే ఎత్తు గీతను తాకేదాకా జల్లెడను తిప్పుతారు. అంతే, ఆ క్షణాన ఆకాశం మొత్తం మీ చేతిలో ఉంటుంది. ఏది ఉదయిస్తోంది, ఏది అస్తమించింది, రాత్రి ఎంత గడిచింది, అన్నీ చదువుకోవచ్చు. నక్షత్రం తూర్పున ఉందో పడమట ఉందో మాత్రం గుర్తుంచుకోవాలి. అదే ఎత్తు గీత రెండు పక్కలా ఉంటుంది.

ఉర్దూ_పంతులు

మొదటి ప్రశ్నకు నేను చెప్తా. అవి అక్షరాలే, అంకెలుగా వాడినవి. అబ్జద్ లెక్క అంటారు. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4, హే 5. యే 10, కాఫ్ 20, లామ్ 30, మీమ్ 40, నూన్ 50, సీన్ 60. ఖాఫ్ 100, రే 200, షీన్ 300. అంచు మీద అయిదేసి డిగ్రీలకు ఒక గుర్తు వేస్తారు కాబట్టి హే (5), యే (10), యే-హే (15), కాఫ్ (20) అని సాగుతుంది. చుట్టు తిరిగి చివరికి షీన్, సీన్ పక్కపక్కన కనిపిస్తాయి. 300, 60. చక్రం పూర్తయిందన్నమాట.

చదివేటప్పుడు ఒక్క చోట జాగ్రత్త. 3కి జీమ్, 8కి పెద్ద హే. రెండింటికీ ఒంటి ఆకారం ఒకటే, చుక్క ఒక్కటే తేడా. ఇత్తడి మీద చుక్కలు చెక్కరు, చెక్కినా అరిగిపోతాయి. అందుకని 3 రాసేటప్పుడు జీమ్ తోకను కత్తిరించి పొట్టిగా వేస్తారు, 8కి తోక పూర్తిగా ఉంచుతారు. ఈ కిటుకు తెలియకుండా చదివితే 23 డిగ్రీలు 28 అయిపోతాయి.

మన కటపయాది తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఏమీ అనిపించదు. మేళకర్త రాగం పేరులో మొదటి రెండు అక్షరాలతో దాని సంఖ్య పట్టేస్తాం కదా, అక్కడా అక్షరమే అంకె.

పలకలు తీసేస్తే పళ్ళెం లోపలి అడుగున ఇంకో ఖజానా ఉంటుంది. ఊళ్ళ పేర్లు, వాటి రేఖాంశం, అక్షాంశం, అక్కడి నుంచి మక్కా దిక్కు, గుండ్రంగా వరసలు కట్టి చెక్కి ఉంటాయి. ఆ రేఖాంశాలను ఇప్పటి గ్రీనిచ్ అంకెలతో పోల్చకండి. అట్లాంటిక్‌లోని కానరీ దీవుల నుంచి లెక్కపెట్టే పాత పద్ధతి అది.

సీతాఫల్‌మండి_శ్రీను

పంతులు గారూ, తోక సంగతి భలే చెప్పారు. ఫోటో పెద్దది చేసి చూస్తే నిజంగానే కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా ఉన్నాయి! మరి పలకల సంగతి? ఆకాశం ఒకటే కదా, జల్లెడా ఒకటే. పలకలు ఎందుకు మార్చాలి?

లెక్కల_మాస్టారు

ఆకాశం ఒకటే, దిగంతం ఊరికో తీరు. పలక మీద గీసి ఉన్నది మీ ఊరి దిగంతం, మీ నడినెత్తి, వాటి మధ్య ఎత్తు గీతలు. ఊరి అక్షాంశం మారితే ఇవన్నీ జరుగుతాయి. అందుకే ఒక్కో పలక మీద రెండు వైపులా రెండు అక్షాంశాలకు గీసి, అవి ఎన్ని డిగ్రీలకో, అక్కడ ఏడాదిలో అతి పెద్ద పగలు ఎన్ని గంటలో కూడా చెక్కేవారు.

కొంచెం లెక్కలోకి వెళ్దాం, భయపడకండి. ఆకాశ గోళాన్ని దక్షిణ ధ్రువం దగ్గర కన్ను పెట్టి విషువద్వృత్త (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఉండే వృత్తం) తలం మీదకు దించితే గోళం మీది ప్రతి వృత్తమూ పలక మీద వృత్తంగానే (లేదా సరళరేఖగా) పడుతుంది. ఈ ఒక్క గుణం వల్లే ఆస్ట్రోలేబ్ పుట్టింది. పనివాడికి కావలసింది వృత్తలేఖిని, బద్ద. వంకర గీతలు చేత్తో సాగదీసే అవసరమే లేదు.

పలక వ్యాసార్ధం 100 మి.మీ. అనుకోండి. ఆ అంచే మకర వృత్తం, అంటే సూర్యుడు దక్షిణాన వెళ్ళే చివరి హద్దు; ఉత్తరాన హద్దు కర్కాటక వృత్తం. విషువద్వృత్తం 65.6 మి.మీ. దగ్గర, కర్కాటక వృత్తం 43.1 దగ్గర వస్తాయి. ఈ మూడూ ఏ ఊరికైనా ఇంతే. మారేది దిగంతం.

లాహోరు అక్షాంశం సుమారు 31.6 డిగ్రీలు. అక్కడి దిగంతం 125 మి.మీ. వ్యాసార్ధంతో గీసిన చాపం. రాజమహేంద్రవరానికి 17 డిగ్రీలు తీసుకుంటే ఆ వ్యాసార్ధం 224.5 మి.మీ.కు పోతుంది. భూమధ్యరేఖ వైపు వెళ్ళేకొద్దీ దిగంతం చదునుగా సాగి, భూమధ్యరేఖ మీద తూర్పు పడమరగా అడ్డంగా పోయే సరళరేఖ అయిపోతుంది. కాబట్టి పలక మీద అక్షాంశం అరిగిపోయినా దిగంతం వంపు చూసి ఆ పలక ఉత్తరాది ఊరిదా, దక్షిణాదిదా అని చెప్పేయవచ్చు. పలక మధ్య నుంచి దిగంతం దూరం చూసినా చాలు. లాహోరుకు 18.6 మి.మీ. కింద, రాజమండ్రికి 9.8 మి.మీ. కింద.

నాకు అన్నిటికంటే ముచ్చట గొలిపేది నడినెత్తి చుక్క. రాజమండ్రి పలకలో అది మధ్య నుంచి 48.6 మి.మీ. దూరంలో, అంటే కర్కాటక వృత్తానికి (43.1) బయట పడుతుంది. సూర్యుడు తిరిగే పరిధి లోపల ఉన్నట్టే. అందుకే మన దగ్గర ఏడాదికి రెండుసార్లు, మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మధ్యాహ్నం నీడ మాయమవుతుంది. లాహోరు పలకలో ఆ చుక్క కర్కాటక వృత్తం లోపలికి జారిపోతుంది. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు. ఏ పట్టికా చూడకుండా, ఆ చుక్క ఎక్కడ పడిందో చూసి ఇదంతా చెప్పొచ్చు.

డల్లాస్_పద్మ

మాస్టారూ, చదువుతుంటే చెయ్యి ఊరుకోవడం లేదు. మా పాపతో కలిసి అక్రిలిక్ షీటు మీద లేజర్‌తో కోయించి ఒకటి చేద్దామనుకుంటున్నాను. మా అమ్మావాళ్ళది రాజమండ్రే. మాది డల్లాస్, 32.8 డిగ్రీలు. అంటే లాహోరు పలకకు దగ్గరే కదా? ఒక పలకకు ఒకవైపు రాజమండ్రి, రెండోవైపు డల్లాస్ గీస్తే అదే జల్లెడ రెండిటికీ సరిపోతుందా?

లెక్కల_మాస్టారు

సరిపోతుందమ్మా. అసలు పద్ధతే అది. డల్లాస్‌కు దిగంతం వ్యాసార్ధం 121.2 మి.మీ., దాని కేంద్రం పలక మధ్య నుంచి 101.9 మి.మీ. కింద. రాజమండ్రికి వ్యాసార్ధం 224.5, కేంద్రం 214.7. కాగితం మీద ముందు గీసి చూడండి. ఇంత పెద్ద చాపానికి బడి పెట్టెలోని వృత్తలేఖిని చాలదు. సన్నటి చెక్కబద్దకు ఒక చివర మేకు, ఇంకో చివర పెన్సిలు దూర్చి గీయాలి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దిగంతం చాపం విషువద్వృత్తాన్ని తూర్పు పడమర గీత మీదే కోయాలి. ఏ ఊరి పలకకైనా ఇది తప్పదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కేంద్రం జరిగిందని అర్థం.

30 డిగ్రీల ఎత్తు గీత కూడా చెప్తాను, మిగతావి అదే దారిలో వస్తాయి. రాజమండ్రికి కేంద్రం 79.2, వ్యాసార్ధం 71.7. అయితే ఇది దిగంతానికి ఎదురువైపు లెక్క కాదు, దానికీ కేంద్రం ఒకే గీత మీద, ఒకే వైపు ఉంటుంది. మీరు వాడే ప్రోగ్రాంలో 'కింద', 'పైన' అనేది ఒక్కసారి ఖాయం చేసుకుని, నడినెత్తి కూడా ఆ గీత మీద అటే పడేట్టు చూసుకోండి. దిగంతం చాపంలో మనకు కావలసింది కేంద్రానికి అవతలి అంచు, అది పలక మధ్య దాటి 9.8 మి.మీ. దగ్గర పోతుంది.

పద్మకు_తోడు_కిరణ్

ఒక నిమిషం. పైన 'కేంద్రం కింద' అన్నారు, ఇప్పుడు నడినెత్తి వైపే అంటున్నారు. నడినెత్తి పలకలో పైన (దక్షిణం వైపు) కదా ఉండేది?

తారామతి_వరంగల్

కిరణ్ గారు పట్టింది నిజం. పద్మా, ఇలా రాసుకో. దక్షిణం పైన, ఉత్తరం కింద. నడినెత్తి చుక్క, అన్ని ఎత్తు గీతల కేంద్రాలూ, దిగంతం కేంద్రంతో సహా, పలక మధ్యకు పైనే. దిగంతం చాపం మాత్రం మధ్యకు కింద కనిపిస్తుంది. ఇచ్చిన అంకెలన్నీ సరైనవే, వాటిని ఈ దిక్కున వాడితే చాలు.

విశాఖ_నావికుడు

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నేను ఓడల్లో పనిచేసినవాణ్ణి, ఈ విషయం నాకు ఇష్టం.

శ్రీను గారూ, లాహోరు ఆస్ట్రోలేబ్ ఓడ యంత్రం కాదు. ఊగే ఓడ మీద గాలిలో పళ్ళెం నిలవదు, అక్కడ జల్లెడతో పనీ లేదు. నావికుడికి కావలసింది ఒక్కటే, సూర్యుడి ఎత్తు లేదా ధ్రువనక్షత్రం ఎత్తు. దాంతో అక్షాంశం వస్తుంది. అందుకే పోర్చుగీసువాళ్ళు అన్నీ తీసేసి డిగ్రీల అంచు, తిరిగే బద్ద మాత్రం ఉంచారు. తర్వాతి కాలంలో గాలి దూరిపోయేలా మధ్యలో కోసి చక్రంలా చేశారు, నిలకడ కోసం అడుగు భాగం బరువుగా పోత పోశారు.

దానికి ముందరి రూపం ఒకటి ఒమన్ తీరంలో దొరికింది. వాస్కో డ గామా రెండో యాత్రలో వచ్చిన విసెంతె సోద్రె ఓడ ఎస్మెరాల్డా 1503లో అల్ హల్లానియా దీవి దగ్గర తుఫానులో మునిగింది. ఆ శిథిలాల్లో 2014లో 17.5 సెం.మీ. వ్యాసమున్న పలచటి లోహపు బిళ్ళ బయటపడింది. దాని మీద పోర్చుగల్ రాజచిహ్నం, రాజు మానుయెల్ గుర్తయిన గోళయంత్రం బొమ్మ స్పష్టంగా ఉన్నాయి. కానీ డిగ్రీల గుర్తులు కంటికి ఆనలేదు. అవి లేకపోతే అది అలంకారపు బిళ్ళ మాత్రమే కావచ్చు. ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్ళు లేజర్‌తో స్కాన్ చేస్తే అంచున 18 గీతలు తేలాయి, సమానమైన ఎడంలో, ఒక్కోటి 5 డిగ్రీలకు. 18 అయిదులు 90. దిగంతం నుంచి నడినెత్తి దాకా సరిగ్గా ఒక పాదం. ఆ గీతలతోనే అది నావికుల ఆస్ట్రోలేబ్ అని తేలిపోయింది.

అరబ్బు నావికుల దగ్గర ఇంకా తేలికైన సాధనం ఉండేది, కమాల్. చిన్న చెక్కముక్క, మధ్యలోంచి ముడులు వేసిన దారం. ముడిని పళ్ళ మధ్య బిగించి, చెక్క అడుగు అంచు దిగంతానికి, పై అంచు ధ్రువనక్షత్రానికి ఆనేలా చూస్తారు. ఏ రేవు ఎత్తుకు ఆ ముడి. దీనికి కొలత వేలు, 'ఇస్బా'. చక్రానికి 224 వేళ్ళు లెక్కేస్తే ఒక్కోటి 1 డిగ్రీ 36 నిమిషాలు. కోరమండల్ తీరపు నావికులు కూడా ఇలాంటి ముడుల చెక్కనే వాడారని 19వ శతాబ్దపు రాతలు చెబుతున్నాయి. అంకె లేదు, అక్షరం లేదు, ముడే గుర్తు. చీకట్లో వేలితో తడిమి చదవగలిగిన కొలబద్ద అది. నాకు లాహోరు ఇత్తడి కంటే దాని మీదే గౌరవం ఎక్కువ.

పంచాంగం_ఇంటివాడు

జల్లెడ తిప్పినప్పుడు రాశిచక్రం వలయం తూర్పు దిగంతాన్ని ఎక్కడ కోస్తుందో అదే లగ్నం. మా తాతగారు పట్టికలతో గుణించి తీసేది ఇక్కడ కంటితో చూసుకోవచ్చు. అంచు 360 డిగ్రీలు కాబట్టి 6 డిగ్రీలు తిరిగితే ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు.

కానీ ఎవరూ దాన్ని నేరుగా పంచాంగంతో పోల్చొద్దు. ఆస్ట్రోలేబ్ మీది మేషం వసంత విషువత్తు దగ్గర మొదలయ్యే సాయన మేషం. మనది నిరయనం, అంటే నక్షత్రాలను బట్టి లెక్కించేది. ఇప్పుడు తేడా దాదాపు 24 డిగ్రీలు, అది తీసేస్తేనే మన లగ్నం.

వెనకవైపు నీడల చతురస్రం చూశారా? ఒక పక్క 12 భాగాలు, ఇంకో పక్క 7. ఏడు మనిషి పాదాల లెక్క. పన్నెండు మాత్రం మన సిద్ధాంత గ్రంథాల్లో శంకువు (నీడ కొలవడానికి నిలిపే కర్ర) పొడవు కూడా, 12 అంగుళాలు.

భారతీయ_విజ్ఞానం

ఇదంతా మన వేదకాలం నుంచి ఉన్నదే. మనవాళ్ళ దగ్గర నుంచి అరబ్బులు నేర్చుకున్నారు. యంత్రరాజం అనే పేరే సాక్ష్యం.

తారామతి_వరంగల్

కాదండీ. ఈ యంత్రం వెనక ఉన్న జ్యామితి గ్రీకులది, దాన్ని చేతి పనిగా పండించింది ఇస్లామిక్ ప్రపంచం. సంస్కృతంలో దీని మీద మొదటి గ్రంథం జైనుడైన మహేంద్ర సూరి 1370లో రాసిన యంత్రరాజం, ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో. అందులో 32 నక్షత్రాల పట్టిక ఇచ్చాడు. తర్వాత జైసింగ్ జైపూర్ జంతర్‌మంతర్‌లో మనిషి కంటే ఎత్తయిన యంత్రరాజాన్నే వేలాడదీయించాడు. ఇంకొకరి విద్యను నేర్చుకుని, మన భాషలోకి తెచ్చి, నాగరి అంకెలతో కొత్తగా చెక్కుకోవడం చిన్న సంగతి కాదు. ఆ ఘనత చాలు, లేనిది తగిలించక్కర్లేదు. ఈ యంత్రాలన్నిటినీ దేశదేశాల మ్యూజియంలు తిరిగి వివరంగా నమోదు చేసింది మన తెలుగువారే, అలీగఢ్‌లో సంస్కృతం బోధించిన శ్రీరాముల రాజేశ్వర శర్మ గారు. ఆయన చూపించిన పద్ధతి కూడా ఇదే, ముందు గీత చదువు, తర్వాత మాట్లాడు.

డల్లాస్_పద్మ

కాగితం మీద రెండు పలకలూ వచ్చాయి! తూర్పు పడమర పరీక్ష కూడా నెగ్గింది. ఇప్పుడు జల్లెడకు నక్షత్రాలు. అమ్మ అగస్త్యుణ్ణి (కనోపస్) తప్పకుండా పెట్టమంది. పాత జల్లెడల ఫోటోల్లో ఎంత వెతికినా ఆ నక్షత్రం కనిపించలేదు. ఎందుకని?

లెక్కల_మాస్టారు

పట్టదు కాబట్టి. పలక మకర వృత్తంతో ఆగిపోతుంది, అంటే దక్షిణాన 23.4 డిగ్రీల వరకే. అగస్త్యుడు 52.7 డిగ్రీల దక్షిణాన ఉన్నాడు. మీ కొలతలో అతని మొన మధ్య నుంచి 194 మి.మీ. దూరంలో రావాలి. పళ్ళెం దాదాపు రెట్టింపు చెయ్యాలి. రాజమండ్రిలో అగస్త్యుడు దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకు వస్తాడు, మనకు చక్కగా కనిపించే నక్షత్రమే. ఉత్తరాది ఊళ్ళకు తీర్చిన ఆకారం దక్షిణాది ఆకాశానికి కొంత పొదుపు చేస్తుంది, అంతే.

ఉర్దూ_పంతులు

అందులో ఇంకో మాట. నక్షత్రాల స్థానాలు రాశిచక్రం వెంట 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాయి. జల్లెడ మీద మొనలు కొలిచి యంత్రం వయసు చెప్పేవాళ్ళు ఉన్నారు. అది పట్టుకుని తొందరపడొద్దు. పనివాడు పాత పట్టికనే ఎత్తి రాసి ఉండొచ్చు. సంతకం, తేదీ, చెక్కడపు తీరు కలిపి చూడాలి.

సీతాఫల్‌మండి_శ్రీను

పాత సామాన్ల దుకాణాల్లో ఇలాంటివి అమ్ముతుంటారు. అసలుదో, షోకేసు బొమ్మో ఎలా తెలుస్తుంది?

తారామతి_వరంగల్

లోహం కంటే ముందు గీతలను అడగండి. రాశిచక్రం వలయం ఒక పక్క మకర వృత్తాన్ని, ఎదుటి పక్క కర్కాటక వృత్తాన్ని తాకాలి. దాని మీద పన్నెండు రాశులు సమానంగా ఉండకూడదు, మకరం వైపు వెడల్పుగా, కర్కాటకం వైపు ఇరుగ్గా ఉండాలి. వేరు వేరు పలకల మీద దిగంతం వంపు వేరుగా ఉండాలి. మాస్టారు చెప్పిన తూర్పు పడమర పరీక్ష పెట్టండి. బొమ్మలు చేసేవాళ్ళు వీటిలో దేన్నీ పట్టించుకోరు, అన్ని పలకలకూ ఒకే అచ్చు వేసేస్తారు. ఇవన్నీ నెగ్గిందంటే అది అసలుదే కావచ్చు, అప్పుడు తొందరపడి కొనకండి, ముందు తెలిసిన మ్యూజియంవాళ్ళకు చూపించండి.

డల్లాస్_పద్మ

ఆఖరి ప్రశ్న. అగస్త్యుడు లేకపోయినా జ్యేష్ఠ (అంటారెస్) అయినా కావాలి, అది పాప నక్షత్రం.

లెక్కల_మాస్టారు

జ్యేష్ఠ 105.9 మి.మీ. దగ్గర పడుతుంది, మకర వృత్తానికి 6 మి.మీ. బయట. మీది సొంత పని కాబట్టి పళ్ళేన్ని 110 మి.మీ. వ్యాసార్ధానికి పెంచండి. మకర వృత్తం 100 దగ్గర గీతగానే ఉండనివ్వండి, ఎత్తు గీతలను మాత్రం కొత్త అంచు దాకా సాగదీయండి. అభిజిత్ 31.4, చిత్త 79.9, లుబ్ధకం 88.2. మిగతావి ఇవాళ రాత్రి లెక్కేసి పెడతాను. డల్లాస్ వైపు అతి పెద్ద పగలు 14 గంటల పైచిలుకు వస్తుంది, దాన్నీ తెలుగు అంకెల్లో చెక్కించండి. రాజమండ్రి వైపు 13 గంటలు.